రంగు కాస్త తక్కువ

"అమ్మమ్మా, నువ్వు రేసిస్టువా?" అని అడిగింది మా మనవరాలు.

2020 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న. బెజవాడలో మా వంటింటి గట్టుమీద ఫోను నేతి డబ్బాకి ఆనించి పెట్టి నేను చింతపండు పిసుకుతున్నాను. అమెరికాలో వాళ్ళకింకా శనివారం రాత్రే. అది పెరుగన్నం తింటోంది. పద్నాలుగేళ్ళ పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ, మాట్లాడబోతే ఒక్కొక్క మాటా వెతుక్కుంటుంది. ఈ ఒక్క ప్రశ్న మాత్రం తడుముకోకుండా అడిగేసింది.

ఇంతకీ నేనన్నది ఏమీ లేదు. "ఏమిటే తల్లీ, అలా నల్లబడిపోయావు? ఎండలో తిరుగుతున్నావా?" అన్నాను. మీరు చెప్పండి, ఇందులో తప్పేముంది? మనవాళ్ళు ఊరినుంచి రాగానే మనం అడిగేవి రెండే మాటలు గదా. చిక్కిపోయావంటాం, లేకపోతే నల్లబడ్డావంటాం. లావయ్యావని మాత్రం వాళ్ళు వెళ్ళాక అనుకుంటాం. అదంతా ప్రేమే. కరోనా రోజులు, బళ్ళు మూసేశారు, పిల్ల పొద్దస్తమానం సైకిలు తొక్కుతోందిట. కన్న పిల్ల కన్నది కాబట్టి అడిగాను.

మా అమ్మాయి వెనకనించి వచ్చి, "అమ్మమ్మని అలా అనకూడదు" అని దాన్ని కోప్పడి, ఫోను వైపు తిరిగి, "నువ్వూ అలా అనకూడదమ్మా" అంది. ఇద్దరికీ చెరిసగం పంచింది.

రేసిస్టు అనగానే నాకు గుర్తొచ్చేది హైస్కూలు పాఠం. 1893లో దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో గాంధీగారిని మొదటి తరగతి పెట్టెలోంచి దింపేశారు. ఆ ఊరి పేరు తప్పుల్లేకుండా రాసినందుకు మా సోషలు మాస్టారు నాకు అర మార్కు ఎక్కువ వేశారు కూడాను. ఆ పాఠంలో మనం ఎప్పుడూ రైల్లోంచి దింపించుకున్న వాళ్ళ పక్షమే. దింపినవాళ్ళలో మనమూ వుండొచ్చని మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

ఆ పిల్ల ఆ మాట ఎందుకందో తర్వాత తెలిసింది. అంతకు కొద్ది రోజుల ముందు, మే 25న, మినియాపోలిస్ అనే ఊళ్ళో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని ఒక పోలీసు నేలమీద పడేసి, మెడమీద మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా నొక్కివుంచాడు. ఊపిరి ఆడటం లేదని మొరపెట్టుకుంటూనే ఆ మనిషి ప్రాణం పోయింది. మధ్యలో అమ్మా అని పిలిచాడు. ఆ అమ్మ పోయి అప్పటికే రెండేళ్ళయింది. దారినపోతున్న పదిహేడేళ్ళ పిల్ల ఒకతె ఫోనులో తీసింది కాబట్టి లోకానికి తెలిసింది. నేను చూడలేకపోయాను. మా మనవరాలు మొత్తం చూసిందిట. వాళ్ళమ్మ వద్దన్నా చూసిందిట.

అమెరికా అంతా వీధుల్లోకి వచ్చింది. ఆ వెనకాలే కంపెనీలూ వచ్చాయి.

ఇది నాకు బొత్తిగా కొత్త. జూన్ 2న ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరి పేజీ తెరిచినా నల్ల చదరం ఒకటే. బొమ్మా లేదు, మాటా లేదు. పాటల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు మొదలుపెడితే బట్టల కొట్లవాళ్ళూ, లిప్‌స్టిక్కులవాళ్ళూ అందరూ అందుకున్నారు. నైకీ బూట్లవాళ్ళ నినాదం "చేసెయ్" అని గదా, దాన్ని తిరగేసి "ఈ ఒక్కసారికీ చెయ్యకు" అన్నారు. అమెరికాలో అసలు సమస్యే లేనట్టు నటించకు అని దాని భావం. వాళ్ళకి ఆగర్భశత్రువులైన అడిడాస్ వాళ్ళు ఆ ప్రకటనని తమ పేజీలోంచి పదిమందికీ పంచిపెట్టారు. వెంటనే ఇంకో ఉద్యమం బయల్దేరింది. "నల్ల చదరాలు సరే, మీ పెద్ద ఉద్యోగాల్లో నల్లవాళ్ళెంతమందో లెక్క చెప్పండి, లేకపోతే నోరు మూసుకోండి" అని. ఆ మాట నాకు నచ్చింది. పెళ్ళిలో చదివింపులు చదివినట్టు ఎవరి లెక్క వాళ్ళు చదవాల్సొచ్చింది.

మా వారు పేపరు మడిచి, "బూట్లు కుట్టుకునేవాడికి ఈ నీతులెందుకు? మన అప్పడాల కంపెనీ వాడు అంటరానితనం తప్పు అని ప్రకటన ఇస్తే ఎలా వుంటుందో చెప్పు" అన్నారు.

నవ్వొచ్చింది. చారు తిరగమోత పెడుతూ మళ్ళీ ఆలోచిస్తే నవ్వు రాలేదు. అలాంటి ప్రకటన నేనైతే ఈ జన్మలో చూడలేదు.

ఆ నెలంతా మా అమ్మాయీ నేనూ ఫోన్లో ఇవే కబుర్లు. కరోనా లెక్కలు చెప్పుకునేకంటే నయం గదా. అన్నిట్లోకీ నా మనసులో నాటుకుపోయింది అట్లపిండి కథ. ఆంట్ జెమైమా అని, 1889 నాటి పేరు. కలిపి పోసుకోవడమే, రుబ్బక్కర్లేదు. పొట్లం మీద తలకి గుడ్డ కట్టుకుని నవ్వుతూ వుండే నల్లజాతి స్త్రీ బొమ్మ. బొమ్మని తర్వాత తర్వాత మార్చి, ఆ గుడ్డ తీసేసి చెవులకి ముత్యాలు పెట్టారనుకోండి. చికాగోలో 1893లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ వేషం కట్టి జనానికి అట్లు పోసి చూపించినావిడ నాన్సీ గ్రీన్. బానిసగా పుట్టిన మనిషి. అటు దక్షిణాఫ్రికాలో గాంధీగారిని రైలు దింపిన సంవత్సరమే!

"ఆంట్ అంటే పిన్నిగారనో అత్తయ్యగారనో గదా, మర్యాదగానే పిలిచారుగా?" అన్నాను మా అమ్మాయితో.

అది నవ్వలేదు. అక్కడి దక్షిణాది తెల్లవాళ్ళు వయసుమళ్ళిన నల్లజాతి ఆడవాళ్ళని ఆంట్ అనీ, మగవాళ్ళని అంకుల్ అనీ పిలిచేవాళ్ళుట. ఎందుకంటే మిసెస్ అనీ మిస్టర్ అనీ అనవలసి వస్తుందని! గారు తగిలించడం ఇష్టంలేక వరస కలపడమన్నమాట. మనకి వరస కలిపితే మనిషి దగ్గరవుతాడు. వాళ్ళు దూరంగా పెట్టడానికే వరస కలిపారు. చూశారా, ఎంత తెలివో!

అనుకుంటూ వుండగానే నాకు మా అత్తగారింట్లో అంట్లు తోమిన ముసలావిడ గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళు చేసింది. మా అత్తగారి ఈడు మనిషి. మా ఇంట్లో మూడేళ్ళ పిల్ల దగ్గర్నించీ అందరం ఆవిణ్ణి "ఏమే" అనే పిలిచాం. వరస కూడా కలపలేదు.

సరే, 2020 జూన్ 17న ఆ కంపెనీవాళ్ళు బొమ్మా పేరూ రెండూ తీసేస్తామన్నారు. 2021లో పెర్ల్ మిల్లింగ్ కంపెనీ అని, మొట్టమొదట ఆ పిండి తయారుచేసిన మిల్లు పేరే పెట్టారు. అంకుల్ బెన్స్ బియ్యం అంకుల్ని వదులుకుని బెన్స్ ఒరిజినల్ అయింది. అందరూ సంతోషించారనుకుంటే పొరపాటు. ఆ జెమైమా వేషం వేసిన ఆడవాళ్ళ వారసుల్లో కొందరు ఒప్పుకోలేదు. మా ముత్తవ్వలు వూరూరూ తిరిగి నిలబడి చేసిన కష్టం గదా అది, బొమ్మ చెరిపేస్తే వాళ్ళూ చెరిగిపోరా అని వాళ్ళ బాధ. పాపం, అదీ నిజమే. అవమానమూ అన్నమూ ఒకే పొట్లంలో కట్టి ఇస్తే ఏది వుంచుకుని ఏది పారేస్తారు?

ఇక మన సంగతికి వద్దాం.

యూనిలీవర్ అనే పెద్దింట్లో అప్పట్లో ముగ్గురు కోడళ్ళుండేవారు. ఒక కోడలు అమెరికాలో ఐస్‌క్రీం. బెన్ అండ్ జెర్రీస్ అని, 1978లో వెర్మాంట్‌లో ఇద్దరు స్నేహితులు పెట్టిన కొట్టు, 2000లో ఈ ఇంటికి వచ్చింది. జార్జి ఫ్లాయిడ్ పోయిన వారంలో అందరూ నల్ల చదరం పెట్టి ఊరుకుంటే, ఈ ఐస్‌క్రీం కోడలు గడప దాటి వచ్చి, తెల్లవాళ్ళ పెత్తనాన్ని కూలదొయ్యాలి అని నిలబడి చెప్పింది. రెండో కోడలు డవ్ సబ్బు. అన్ని రకాల అందమూ అందమేనని ఏళ్ళ తరబడి చెబుతూనే, 2017లో ఒక నల్లజాతి అమ్మాయి చొక్కా విప్పగానే తెల్లమ్మాయి బయటికొచ్చినట్టు ప్రకటన తీసి, నలుగురూ నానా మాటలూ అంటే క్షమాపణ చెప్పుకుంది. మూడో కోడలు మన దేశంలో. 1975లో పుట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ. ఈవిడ గురించి మీకు నేను చెప్పాలా? నల్లపిల్ల కిటికీ దగ్గర దిగులుగా కూర్చుంటుంది, క్రీము రాసుకుంటుంది, ఉద్యోగం వస్తుంది, పెళ్ళికొడుకూ వస్తాడు. ఇలాంటి ప్రకటనలు మరీ ముదిరిపోతే, రంగు తక్కువ వాళ్ళని దిగులు మొహాలతోనూ, పెళ్ళీ ఉద్యోగమూ రాని వాళ్ళుగానూ చూపించగూడదని ప్రకటనల మండలివాళ్ళు 2014లో నియమం పెట్టాల్సొచ్చింది.

పెద్ద కోడలు వీధిలో నిలబడి అలా అంటూంటే, చిన్న కోడలు పెరట్లో ఈ బేరం చేస్తూంటే నలుగురూ చూడరూ? చూశారు. అడిగారు. అడిగినవాళ్ళలో మా బెజవాడ మూలాలున్న పిల్ల కూడా వుంది. 2013లో మిస్ అమెరికా అయిన నీనా దావులూరి. ఆ కిరీటం పెట్టిన రాత్రే అక్కడివాళ్ళు కొందరు ఆ అమ్మాయిని అరబ్బు అనీ ఇంకా నానా మాటలూ అన్నారు. ఇక్కడ మా వీధిలో మేమంతా మన పిల్లేనని మురిసిపోయాం. మురిసిపోతూనే, "ఇక్కడైతే ఆ రంగుకి కాలేజీలో కూడా బహుమతి రాదు" అనుకున్నాం. రెండూ ఒకే గుక్కలో. ఆ అమ్మాయి 2020లో యూనిలీవర్ పెద్దకి, ఆ క్రీము ఆపెయ్యమని బహిరంగంగా ఉత్తరం రాసింది.

క్రీము ఆపలేదు. జూన్ 25న ఫెయిర్ అనే మాట తీసేస్తామన్నారు, జూలై 2న గ్లో అండ్ లవ్లీ అన్నారు. మగవాళ్ళ క్రీముకి గ్లో అండ్ హ్యాండ్సమ్ అని పేరు పెట్టబోతే, ఆ పేరు మాదని ఇమామీ వాళ్ళు లేచారు. రంగు మాట వదులుకున్న నెలలోనే పేరు కోసం కోర్టుకెక్కారు! జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళు మాత్రం తెల్లబరుస్తామని చెప్పి అమ్మే రెండు రకాల సరుకుల్ని అమ్మడమే మానేస్తామన్నారు. అది కాస్త ఖర్చయ్యే మాట.

మా వీధి చివర కొట్లో ఆ ట్యూబు పేరు మారి కనిపించినప్పుడు నేనే అడిగాను, "ఇదేమిటయ్యా, కొత్తదా?" అని. "పాతదేనమ్మగారూ, పేరు మారింది. అందరూ పాత పేరుతోనే అడుగుతారు" అన్నాడు.

అయినా నేను ఆ పేరు మార్పుని మా వారిలా తీసిపారెయ్యలేను. మాట చిన్నదేం కాదు. మన భాషే చూడండి. తెల్లగా వున్నవాళ్ళని "ఎర్రగా వుంది" అంటాం, "పచ్చని పసిమి" అంటాం, "బంగారు ఛాయ" అంటాం. రంగులన్నీ వాళ్ళకే. మిగిలిన మాకు చామనఛాయ. అది కూడా దాటితే ఇక రంగు పేరు కూడా చెప్పరు, "కళగల మొహం" అంటారు. ఆ మాట విన్నారంటే విషయం అర్థమైపోవాలి. ఓదార్పుకి "నలుపు నారాయణ మెచ్చు" అనేది ఎలాగూ వుంది. నారాయణుడు మెచ్చితే సరే, పెళ్ళికొడుకు తల్లి మెచ్చొద్దూ? రాముడు నీలమేఘశ్యాముడు, ద్రౌపది పేరే కృష్ణ. రోజూ పూలుపెట్టి దణ్ణం పెట్టేది ఆ రంగుకే. కడుపుతో వున్న పిల్ల చేత కుంకుమపువ్వు పాలు తాగించేదీ మనమే.

నాదీ చామనఛాయే. 1977లో నా పెళ్ళికి కట్నం పన్నెండువేలు అనుకుని, పెళ్ళిచూపులయ్యాక పదిహేనువేలన్నారు. ఆ మూడువేలూ దేనికో మా నాన్నగారు నాకు చెప్పలేదు. మా మేనత్త చెప్పింది. కట్నం నిషేధమని 1961లోనే చట్టం వచ్చిందిట. వస్తే వచ్చింది. నా రంగు ఖరీదు మూడువేల రూపాయలని నాకు ఇరవై ఒకటో ఏట తెలిసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అదే జూన్‌లో ఇంకో సంగతి జరిగింది. పెళ్ళిసంబంధాల షాదీ డాట్ కామ్‌లో మనకి ఎలాంటి రంగు కావాలో గుర్తుపెట్టి వెతుక్కునే ఏర్పాటుండేదిట. డాలస్‌లో వుంటున్న ఒక భారతీయ స్త్రీ అది తీసెయ్యమని సంతకాలు సేకరిస్తే, తీసేశారు. దాన్ని ఫిల్టర్ అంటారని మా అమ్మాయి చెప్పింది. జల్లెడ అన్నమాట.

ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో ఆ జల్లెడ నేనే గనక.

1986లో మా మరిదికి సంబంధం చూడటానికి తెనాలి దగ్గర ఒక వూరు వెళ్ళాం. పిల్ల ఎకనామిక్సులో ఎమ్మే చదువుతోంది. నెమ్మదైన మనిషి. మేం అడిగినవాటికి తల వంచుకోకుండా, మా మొహాల్లోకి చూసి జవాబు చెప్పింది. మా మరిదికి నచ్చిందని వాడి మొహమే చెబుతోంది. మామగారికీ నచ్చింది. తిరుగు ప్రయాణంలో కారులో మా అత్తగారు వెనక్కి తిరిగి, "నువ్వేమంటావమ్మాయ్?" అన్నారు.

కాపురానికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్నొక అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. కూర ఏం చెయ్యాలో కూడా అడిగేవారు కాదు. కారులో అందరూ నా వైపు చూశారు. నేను సర్దుకుని కూర్చుని, "అన్నీ బాగానే వున్నాయి గానీ అత్తయ్యా, రంగు కాస్త తక్కువ" అన్నాను.

ఆ పిల్లది నా రంగే. ఇంకా చెప్పాలంటే నాకంటే ఒక వీసం నయమే.

"అదే నేనూ అనుకున్నా" అన్నారు మా అత్తగారు, ఎంతో ఆప్యాయంగా. జాతకాలు కుదరలేదని కబురు పంపాం. మా తోడికోడలు ఆ మరుసటేడు వచ్చింది. తెల్లగానే వుంటుంది. మంచి మనిషి, అది వేరే సంగతి.

వచ్చే ఆదివారం ఫోన్లో మా మనవరాలికి ఈ కథంతా చెప్పాను. వాళ్ళమ్మ మధ్యలో వద్దన్నట్టు కళ్ళతో చెబుతూనే వుంది. అడిగింది గదా, జవాబు చెప్పొద్దూ? అది విని కాసేపు ఊరుకుని, "ఆవిడకి సారీ చెప్పావా?" అంది.

"ఏమని చెబుతానే? ముప్ఫై నాలుగేళ్ళయింది."

"కంపెనీలు చెబుతున్నాయిగా. వాటివి ఇంకా పాతవి."

కంపెనీలకేం, పేపర్లవాళ్ళని పిలిచి కాగితం చదివేస్తారు. నాకు పేపర్లవాళ్ళెవరున్నారు? అదీగాక, జాతకాలని చెప్పి పంపినదాన్ని ఇప్పుడు వెళ్ళి, కాదమ్మా రంగు అని చెబితే, అది క్షమాపణా, కొత్తగా మళ్ళీ కొట్టడమా? ఈ చిక్కు ఎవరితో చెప్పుకోను? మా వారితో చెబితే, "ఆ పిల్లేమైందో నీకెందుకు" అన్నారు.

ఏమైందో నాకు తెలుసు. గుంటూరులో కాలేజీ లెక్చరరైంది. భర్త బ్యాంకులో చేసి రిటైరయ్యారు. దూరపు చుట్టరికాల పెళ్ళిళ్ళలో ఎప్పుడైనా కనబడుతుంది. నేనే స్తంభం పక్కకి తప్పుకుంటాను.

2023లో గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్తే తప్పుకునే వీలు లేకపోయింది. నా పక్క కుర్చీయే. "బాగున్నారా అండీ? గుర్తున్నానా? మీరోసారి మా ఇంటికొచ్చారు" అని ఆవిడే నవ్వుతూ పలకరించింది. నాకు నోరు ఎండిపోయింది. ఏవో కబుర్లు చెప్పింది, మనవడి సంగతి చెప్పింది. నేను మధ్యలో, "అప్పుడు జాతకాలు కాదమ్మా" అన్నాను. అనేశాక గానీ అన్నానని తెలియలేదు. "నేనే ఒక మాటన్నాను."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "రంగేనా?" అంది.

తలూపాను.

"మాకు అప్పుడే తెలుసు లెండి. మా నాన్న ఆ జాతకాలు ఇంకోచోట చూపిస్తే భేషుగ్గా కలిశాయన్నారు. ఇంకో పదివేలు పెంచి కబురు పంపమంటావా అని మా అమ్మనడిగాడు. అమ్మ వద్దంది. నేను తలుపు చాటునించి విన్నాను." ఇంత చెప్పి చీరె కొంగు సర్దుకుంది. "అన్నది మీరని మాత్రం తెలియదు."

తర్వాత ఇద్దరం పెళ్ళికూతురి వైపు చూస్తూ కూర్చున్నాం. భోజనాలకి లేవమని ఎవరో వచ్చి పిలిచారు. "మీరు వెళ్ళండి, నేను తర్వాత తింటాను" అందావిడ. బంతిలో నా పక్కన వేరే ఎవరో కూర్చున్నారు.

ఆ రాత్రి మా మనవరాలికి చెప్పాను. "షీ డజంట్ హావ్ టు ఈట్ విత్ యూ, అమ్మమ్మా" అంది. నిష్ఠూరంగా కాదు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేట్టు. నిజమే. సారీ చెప్పాను కాబట్టి పక్కన కూర్చుని తినాలని ఎక్కడుంది?

కంపెనీల సంగతి తర్వాత ఏమైందంటారా? టార్గెట్ అని అక్కడ పెద్ద దుకాణాల కంపెనీ వుంది. మన పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళందరికీ తెలిసేవుంటుంది, నేనూ అక్కడ దుప్పట్లు కొన్నాను. వాళ్ళ ముఖ్య కార్యాలయం ఆ మినియాపోలిస్‌లోనే. ఫ్లాయిడ్ పోయిన ఏడు, నల్లజాతివాళ్ళకి ఉద్యోగాల్లోనూ బేరాల్లోనూ చోటు పెంచుతామని వాళ్ళు పెద్ద ఏర్పాట్లే చేశారు. 2025 జనవరిలో అమెరికాలో ప్రభుత్వం మారగానే, ఆ కార్యక్రమాలు ముగించేస్తున్నామన్నారు. నల్లజాతి చర్చిల్లో పాస్టర్లు ఆ కొట్టుకి వెళ్ళొద్దని పిలుపిచ్చారు. అదే ఏడు సెప్టెంబరులో ఐస్‌క్రీం జెర్రీగారు, మా నోరు నొక్కేస్తున్నారంటూ నలభై ఏడేళ్ళ తర్వాత సొంత కొట్టుకి రాజీనామా ఇచ్చారు. పెద్ద కోడలు పుట్టింటికి వెళ్ళిపోయినట్టయింది. "చెప్పానా?" అన్నారు మా వారు. చెప్పారు, కాదనను. అయినా జెర్రీగారి మీద గౌరవం కలిగింది. ఆ వయసులో తన పేరున్న కొట్టు తనే వదులుకోవడం మాటలా!

ఆ డిసెంబరులో మా మనవరాలు సెలవులకి వచ్చింది. ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. అచ్చు నా పోలికే, రంగుతో సహా. మేడమీద బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టాను. అది పుస్తకం పట్టుకుని వాటి పక్కనే చాపేసుకుని ఎండలో కూర్చుంది. పన్నెండు గంటల ఎండ. నేను పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. మాట నోటిదాకా వచ్చింది. అరవై తొమ్మిదేళ్ళ అలవాటు మరి.

అది పుస్తకంలోంచి తలెత్తింది. "ఏంటి అమ్మమ్మా?"

"ఏం లేదే. కాకులొస్తాయి, వడియాలు చూస్తూ వుండు" అన్నాను.